కంపెనీలు క్యాంపస్‌కి రాని ఏడాదిలో ఫ్రెషర్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల్లో బీటెక్, డిగ్రీ ఫైనల్ ఇయర్ వాళ్ళు, పాసై ఏడాది రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలివి. నేను ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్స్‌లో కూర్చుంటాను కాబట్టి టేబుల్‌కి అటువైపు నుంచి ఏం కనిపిస్తుందో అదే రాస్తున్నాను. కొన్ని జవాబులు మీకు నచ్చకపోవచ్చు.

నిజంగానే మార్కెట్ అంత పాడైందా, లేక మాకే రావట్లేదా?

పాడైంది, అందులో అనుమానం లేదు. 2021, 2022లో టీసీఎస్, విప్రో లాంటి సర్వీస్ కంపెనీలు కాలేజీలకొచ్చి జాతరకి బస్సులు నింపినట్టు జనాన్ని నింపుకున్నాయి, 2023కల్లా ఆ ఊపు ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి 6.5 లక్షలు ఇస్తామని చెప్పిన ఫ్రెషర్లనే 3.5 లక్షలకి వస్తారా అని అడిగింది. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తున్నామని ప్రకటించింది. ఇక సర్వీస్ కంపెనీల ఎంట్రీ ప్యాకేజీ సంగతి, పదేళ్ళకు పైగా 3 నుంచి 3.5 లక్షల దగ్గరే కూర్చుంది, మాదాపూర్ హాస్టల్ అద్దె మాత్రం కూర్చోలేదు.

హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల సొంత సెంటర్లు, జీసీసీలంటారే, అవి పెరుగుతున్నాయని పేపర్లో చదువుతుంటారు. నిజమే. కానీ వాటికి ఎక్కువగా కావాల్సింది మూడు నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు. అంటే ఉద్యోగాలు లేవని కాదు, మొదటి మెట్టే విరిగింది. ఆ ఒక్క మెట్టు ఎలా ఎక్కాలన్నదే మీ అసలు సమస్య. మిగతా టెన్షన్లు తర్వాత పెట్టుకోవచ్చు.

మా కాలేజీకి కంపెనీలే రావు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని అడిగితే "వస్తాయి, చూద్దాం" అంటారు. ఎంతకాలం చూడాలి?

చూడొద్దు. ఆయన చేతిలో ఉన్నది తక్కువ. ఫైనల్ ఇయర్ మొదటి సెమిస్టర్‌లోనే ఆఫ్-క్యాంపస్, అంటే కాలేజీతో పని లేకుండా మీ అంతట మీరు వెతుక్కోవడం, మొదలుపెట్టాలి. టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షకి మీ కాలేజీ పేరుతో పని లేదు, అర్హత ఉంటే మీరే నేరుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. అందులో స్కోరుని బట్టి నింజాకి సుమారు 3.36 లక్షలు, డిజిటల్‌కి 7 లక్షలు అని వేర్వేరు స్థాయిలున్నాయి, ఒకే పరీక్ష రాసి రెట్టింపు జీతం తెచ్చుకునేవాళ్ళున్నారు. తేడా అంతా కోడింగ్ ప్రశ్నల్లోనే.

పక్క కాలేజీలో పూల్ డ్రైవ్ (చాలా కాలేజీల వాళ్ళకి కలిపి పెట్టే ఇంటర్వ్యూలు) అయితే వెళ్ళండి, మన కాలేజీ కాదు కదా అని మొహమాటపడకండి. తెలంగాణలో టాస్క్, ఆంధ్రలో ఏపీఎస్ఎస్‌డీసీ అనే ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థలు జాబ్ మేళాలు పెడుతుంటాయి. అక్కడ ఎక్కువగా సేల్స్, బీపీవో, ఫ్యాక్టరీ ట్రైనీ పోస్టులే ఉంటాయి. ఆ సంగతి తెలిసి వెళ్తే నిరాశ ఉండదు, మొదటి ఇంటర్వ్యూ భయం అక్కడే పోతుంది.

నౌక్రీలో, లింక్డిన్‌లో మూడొందల చోట్ల అప్లై చేశా అన్నా, ఒక్క కాల్ లేదు. ప్రొఫైల్‌లో ఏదైనా తప్పా?

మూడొందల చోట్లా ఒకే రెజ్యూమె పంపారు కదా? అదే తప్పు. ఒక ఫ్రెషర్ పోస్టు పెడితే రెండో రోజుకే వేల అప్లికేషన్లు పడతాయి, రిక్రూటర్ అన్నీ తెరవదు, తెరవలేదు. తనకి కావాల్సిన పదాలు కొట్టి వెతుకుతుంది, వచ్చిన లిస్టులో ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్ళని చూస్తుంది. కాబట్టి నౌక్రీ ప్రొఫైల్‌ని రెండు మూడు రోజులకోసారైనా తెరిచి ఏదో ఒక చిన్న మార్పు చేస్తూ ఉండండి. ప్రొఫైల్ పైన హెడ్‌లైన్‌లో "ఉద్యోగం కోసం చూస్తున్న ఉత్సాహవంతుడైన ఫ్రెషర్" అని రాయకండి, ఆ మాటలు కొట్టి ఎవరూ వెతకరు. "జావా, స్ప్రింగ్ బూట్, ఎస్‌క్యూఎల్, 2025 బ్యాచ్, హైదరాబాద్, వెంటనే చేరగలను" అని రాయండి.

రోజుకి ముప్పై అప్లికేషన్లు కొట్టడం పని చేసినట్టు అనిపిస్తుంది, అంతే. ఐదు చాలు. ఆ ఐదింటికీ రెజ్యూమెలో పై నాలుగు లైన్లు ఆ ఉద్యోగానికి తగ్గట్టు మార్చి, ఆ కంపెనీలో పనిచేసే ఒక్కరికైనా మెసేజ్ పెట్టండి.

రెజ్యూమెలో మీరు అసలు ఏం చూస్తారు?

ముందు చూడనివి చెప్తాను. కెరీర్ ఆబ్జెక్టివ్ చదవం. నాన్నగారి పేరు, మతం, పెళ్ళయిందా, ఇంటి అడ్రస్ డోర్ నంబర్‌తో సహా, చివర్లో "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే డిక్లరేషన్, కింద సంతకం కోసం చుక్కల గీత, ఇవన్నీ సీనియర్ ఫైల్ నుంచి సీనియర్ ఫైల్‌కి కాపీ అవుతూ వస్తున్నవి. తీసేయండి. హాబీల్లో క్రికెట్, పాటలు వినడం కూడా. ఒక్క పేజీ, ఫోటో లేకుండా, ఫైల్ పేరు మీ పేరుతో. "న్యూ రెజ్యూమె ఫైనల్ 2" అని పంపినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ తర్వాత కళ్ళు నేరుగా ప్రాజెక్టుల మీదకి వెళ్తాయి, అసలు కథంతా అక్కడే ఉంది. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, ఇళ్ళ ధరల అంచనా, ఆన్‌లైన్ షాపింగ్ సైట్, క్రెడిట్ కార్డ్ మోసాల గుర్తింపు... తిప్పి తిప్పి ఇవే. అమీర్‌పేట్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో డాక్యుమెంటేషన్‌తో సహా కొన్నవని మాకు తెలుసు, మాకు తెలుసని మీకూ తెలుసు. ఇంటర్వ్యూలో నేను వేసే ప్రశ్న ఒకటే: "ఈ డేటా ఎక్కడ తెచ్చారు, అందులో ఏం తేడాగా కనిపించింది?" కొన్న ప్రాజెక్టు అయితే అక్కడే మాట ఆగిపోతుంది. ఒకసారి ఒక అమ్మాయి వాళ్ళ ఊళ్ళో నాన్న నడిపే ఎరువుల షాపుకి అప్పు ఖాతా రాసుకునే చిన్న వెబ్ పేజీ చేసింది. చూడ్డానికి ఏమంత అందంగా లేదు. కానీ రైతు పంట అమ్మాక సగం కట్టి మిగతాది వచ్చే సీజన్‌కి తోస్తే ఆ బాకీని ఎలా చూపించాలి, ఒకే పేరుతో ముగ్గురుంటే ఎలా వేరు చేయాలి, కరెంటు పోతే ఏమవుతుంది, ఇవన్నీ తనే తలబద్దలు కొట్టుకుంది కాబట్టి ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పింది. ప్యానెల్లో ఉన్న మేమే ప్రశ్నలు మర్చిపోయాం.

అలాంటిది ఒక్కటి చేయండి. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టండి, నడిచే లింక్ ఇవ్వండి. ఏఐ టూల్ సాయంతో చేశారా, చేయండి, ఇప్పుడు అందరూ వాడుతున్నారు, కానీ ఏ లైను ఎందుకుందో మీ నోటితో చెప్పగలగాలి. పైథాన్, జావా, సీ, సీ ప్లస్ ప్లస్, క్లౌడ్, మెషిన్ లెర్నింగ్ అన్నీ వచ్చని రాస్తే ప్రతి దాంట్లోనూ ప్రశ్న అడిగే హక్కు మాకు ఇచ్చినట్టే.

రెఫరల్ అడగాలంటే మొహమాటం. తెలియనివాళ్ళు ఎందుకు చేస్తారు?

డబ్బుల కోసం కూడా చేస్తారు. చాలా కంపెనీల్లో రెఫర్ చేసిన మనిషి చేరితే రెఫర్ చేసినవాళ్ళకి బోనస్ ఇస్తారు. మీరేం భిక్ష అడగట్లేదు.

కాకపోతే అడిగే తీరు ఉంటుంది. "హాయ్ అన్నా, జాబ్స్ ఉన్నాయా?" అంటే జవాబు రాదు, ఏ జాబు, ఏ టెక్నాలజీ అని తిరిగి అడిగే ఓపిక ఎవరికుంది. ఇలా పెట్టండి: "అన్నా, నేను మన కాలేజీ 2025 బ్యాచ్, ఈసీఈ. మీ కంపెనీలో ఫలానా నంబర్ టెస్టింగ్ ట్రైనీ పోస్టు చూశాను. మాన్యువల్ టెస్టింగ్, సెలీనియం నేర్చుకున్నాను, చేసిన పని ఈ లింకులో ఉంది. రెజ్యూమె జత చేశాను. సరిపోతాననిపిస్తే రెఫర్ చేయగలరా?" అంతే. వారం తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి, రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు వద్దు.

ముందు మీ కాలేజీ సీనియర్ల లిస్టు తీయండి, లింక్డిన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే పాత విద్యార్థులు ఎక్కడెక్కడ చేస్తున్నారో వస్తుంది. తర్వాత చుట్టాలు. మేనమామ కొడుకు ఇన్ఫోసిస్‌లో ఉన్నాడని అమ్మ పదిసార్లు చెప్పినా ఫోన్ చేయనివాళ్ళున్నారు. ఈగో పక్కన పెట్టి చేయండి.

లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామంటున్నారు. మా ఫ్రెండ్‌కి నిజంగానే వచ్చింది. కట్టాలా?

వద్దు. ఇందులో రకాలున్నాయి, అన్నీ చెప్పాలి.

మొదటిది పచ్చి మోసం. ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచో, కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా ఉన్న డొమైన్ నుంచో వస్తుంది, లాప్‌టాప్ డిపాజిట్ కట్టమంటారు, జాయినింగ్ రోజు గేటు దగ్గరికి వెళ్తే సెక్యూరిటీ లోపలికి రానివ్వడు. రెండోది కొంచెం తెలివైనది: కొండాపూర్, మాదాపూర్ వైపు ఒక ఫ్లోర్ అద్దెకి తీసుకుని, కంపెనీ బోర్డు పెట్టి, వందమంది దగ్గర ట్రైనింగ్ అని వసూలు చేసి, రెండు మూడు నెలలు వాళ్ళ డబ్బులే వాళ్ళకి జీతంగా ఇచ్చి, ఓ సోమవారం పొద్దున తాళం వేసుకుని పోతారు. మీ ఫ్రెండ్‌కి "నిజంగానే వచ్చింది" అంటున్నారే, ఆరు నెలలు ఆగి మళ్ళీ అడగండి.

మూడోది ఫేక్ ఎక్స్‌పీరియన్స్. మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు పేస్లిప్‌లు, రిలీవింగ్ లెటర్ తయారుచేసి, ఇంటర్వ్యూకి మీ బదులు మాట్లాడే ప్రాక్సీని కూడా ఇస్తారు. ఒకప్పుడు కొందరు ఇలా దాటారు, అబద్ధమాడను. కానీ ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ పీఎఫ్ హిస్టరీ అడుగుతున్నారు, మీ పీఎఫ్ నంబర్ యూఏఎన్‌లో ఏ కంపెనీ ఏ నెల డబ్బు జమ చేసిందో కనిపిస్తుంది, దానితో పాటు మీ పేరు మీద కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్ చూపించే ఫామ్ 26ఏఎస్ కూడా. పేస్లిప్ ప్రింట్ చేయొచ్చు, పాత తేదీల్లో పీఎఫ్ జమలు పుట్టించడం అంత తేలిక కాదు. పట్టుబడితే చేరిన ఆరు నెలలకైనా తీసేస్తారు, ఆ కంపెనీలోకి మళ్ళీ జీవితంలో వెళ్ళలేరు.

గుర్తుపట్టడానికి ఒక్క లెక్క చాలు: ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, తీసుకోడు. అడిగింది 500 అయినా అంతే. ఇప్పటికే కట్టేసి ఉంటే రెండు రోజులు ఏడవకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

విదేశాల్లో డేటా ఎంట్రీ, నెలకి 80 వేలు, టికెట్ వాళ్ళే ఇస్తారట...

కంబోడియా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్ అని వినబడితే అక్కడితో ఆపేయండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టింది ఇదే. డేటా ఎంట్రీ అని తీసుకెళ్ళి, పాస్‌పోర్ట్ లాక్కుని, మనవాళ్ళ చేతే మనవాళ్ళకి ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం అనేది లేదు. విదేశీ ఉద్యోగమంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి, లేదా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ద్వారా వెళ్ళండి. అవి ప్రభుత్వ సంస్థలు.

ఆఫర్ లెటర్ ఉంది, ఎనిమిది నెలలైనా జాయినింగ్ డేట్ రాలేదు. ఎదురుచూడనా?

ఎదురుచూస్తూనే వేరేది చూసుకోండి. 2022 బ్యాచ్‌లో కొందరు పెద్ద కంపెనీ ఆఫర్ చేతిలో పెట్టుకుని దాదాపు రెండేళ్ళు కూర్చున్నారు. జాయినింగ్ డేట్ లేని లెటర్ మీద అప్పు చేయకండి, ఊళ్ళో స్వీట్లు పంచితే పంచారు గానీ వేరే ఇంటర్వ్యూలు ఆపకండి. నెలకోసారి హెచ్‌ఆర్‌కి మర్యాదగా మెయిల్ పెడుతూ ఉండండి, ఫోన్ కాదు, మెయిల్.

చిన్న కంపెనీ, ఏడాదికి రెండున్నర లక్షల జీతం, రెండేళ్ళ బాండ్. చేరాలా?

మూడు అడగండి. చేసే పని ఏంటి, టీమ్‌లో మీకంటే అనుభవమున్నవాళ్ళు ఎంతమంది, పీఎఫ్ కడతారా. పని నిజమైన కోడింగో టెస్టింగో అయి, నేర్పేవాళ్ళుంటే జీతం తక్కువైనా చేరండి, రెండేళ్ళ నిజమైన అనుభవం ఉంటే ఇందాక చెప్పిన విరిగిన మెట్టు మీరు దాటేసినట్టే. పీఎఫ్ లేదంటే ఆ అనుభవం రేపు నిరూపించుకోవడం కష్టం, ఆలోచించండి.

బాండ్ అంటే "కోర్టులో చెల్లదు, సంతకం పెట్టేయ్" అని చెప్పే సీనియర్లని నమ్మకండి. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ళ సర్వీసు, మధ్యలో మానేస్తే 2 లక్షలు అనే షరతు చెల్లుతుందనే చెప్పింది. అలాగని ప్రతి బాండూ చెల్లదు, మొత్తం ఎంత, దానికి కారణమేంటి అన్నది చూస్తారు. సంతకానికి ముందు కాపీ తీసుకుని చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టమంటే లేచి వచ్చేయండి, ఖాళీ చెక్కులు అడిగినా అంతే.

నాది బీటెక్ కాదు, బీఎస్సీ. మాకేం ఉన్నాయి?

చాలానే ఉన్నాయి, మీ చుట్టూ అందరూ ఐటీ గురించే మాట్లాడుతుంటే కనబడవు. కెమిస్ట్రీ వాళ్ళకి ఫార్మా: జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ దగ్గర పరవాడ. క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో పరీక్షించే మిషన్) మీద చేయి తిరిగితే తర్వాత కంపెనీలు మారడం తేలిక. ప్రొడక్షన్ అయితే మూడు షిఫ్టులు, సాల్వెంట్ వాసనలు, సేఫ్టీ సరిగ్గా లేని యూనిట్లు కూడా ఉన్నాయి, చేరేముందు అక్కడ పనిచేసేవాళ్ళతో మాట్లాడండి. ఇంటర్వ్యూలు ఎక్కువగా వాక్-ఇన్‌లే, వారాంతాల్లో.

బయాలజీ, ఫార్మసీ, నర్సింగ్ వాళ్ళకి మెడికల్ కోడింగ్. అమెరికా ఆసుపత్రి రికార్డులు చదివి ఇన్సూరెన్స్ కోడ్‌లు వేసే పని, హైదరాబాద్‌లో పెద్ద ఎత్తున ఉంది. మెడికల్ కోడర్లకిచ్చే సీపీసీ సర్టిఫికెట్ ఉంటే విలువ. కోర్సు ఫీజు కట్టించుకుని "వంద శాతం ప్లేస్‌మెంట్" అనే ఇన్‌స్టిట్యూట్‌ని, పోయిన బ్యాచ్‌లో చేరిన ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి, ఇవ్వకపోతే జవాబు దొరికినట్టే. ఈ పనిలోకి కూడా ఆటోమేషన్ వస్తోంది, కాబట్టి కోడింగ్ దగ్గరే ఆగకుండా ఆడిటింగ్ వైపు వెళ్ళే ఆలోచన పెట్టుకోండి.

కంప్యూటర్స్ డిగ్రీ వాళ్ళని విప్రో విల్ప్ ప్రోగ్రాంలో తీసుకుని ఉద్యోగం చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తుంది. కట్టుబడి ఉండాల్సిన కాలం ఎక్కువ, అది చూసుకోండి. బీకాం వాళ్ళు ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్ గట్టిగా పట్టుకుని ఏదైనా ఆడిటర్ ఆఫీసులో ఏడాది చేస్తే ఆ అనుభవానికి గిరాకీ ఉంది. జీతం మాత్రం మొదట్లో చెప్పుకోలేనంత తక్కువ.

అప్రెంటిస్‌షిప్ అంటే ఐటీఐ వాళ్ళకే కదా?

కాదు, ఈ అపోహ వల్లే బోలెడన్ని సీట్లు మనవాళ్ళు వదిలేసుకుంటున్నారు. కేంద్రం నడిపే నాట్స్ అనే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో డిగ్రీ, డిప్లొమా, బీటెక్ అందరూ రిజిస్టర్ కావచ్చు. ఈసీఐఎల్, బీడీఎల్, విశాఖ స్టీల్ ప్లాంట్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లని తీసుకుంటుంటాయి, చాలాచోట్ల మార్కుల మీదే ఎంపిక. ఏడాది కాలం. స్టైపెండ్ 2019 నాటి రూల్స్ ప్రకారం గ్రాడ్యుయేట్‌కి కనీసం నెలకి 9 వేలు, కొన్ని సంస్థలు ఎక్కువిస్తాయి. పర్మినెంట్ చేస్తారన్న హామీ లేదు. కానీ మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్ళకి అసలు మిషన్ ముట్టుకునే అవకాశం ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది? పాసై ఏళ్ళు గడిస్తే అర్హత పోతుంది, ఆలస్యం చేయకండి.

గ్రూప్స్‌కి, బ్యాంకులకి ప్రిపేర్ అవుతూ కూర్చుంటే?

బ్యాంకులూ గ్రూప్సూ ఒకటి కాదు. ఐబీపీఎస్, ఎస్‌బీఐ పరీక్షలు దాదాపు ప్రతి ఏడాదీ వస్తాయి, ఆప్టిట్యూడ్, రీజనింగ్ చదివితే అది కంపెనీల ఆన్‌లైన్ టెస్టుకీ పనికొస్తుంది. గ్రూప్స్ అలా కాదు. 2022 నాటి తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీక్‌తో ఒకసారి, కోర్టు తీర్పుతో మరోసారి రద్దయింది, ఆ పిల్లలు ఏళ్ళతరబడి అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో ఉండిపోయారు. ఇంట్లో అద్దె కట్టే స్తోమత ఉండి, మీకే ఒక గడువు పెట్టుకుంటే ఎవరూ వద్దనరు. గడువు లేకుండా దిగొద్దు, అంతే నా మాట.

బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, 58 శాతమే, పైగా ఏడాది గ్యాప్. నాకు దారే లేదా?

పెద్ద కంపెనీల 60 శాతం గేటు మీకు మూసుకుంది, దాని ముందు నిలబడి టైం పోగొట్టుకోకండి. యాభై మంది లోపున్న కంపెనీలు, స్టార్టప్‌లు శాతం అడగవు, పని అడుగుతాయి. గ్యాప్‌లో ఏం చేశావంటే నిజం చెప్పండి. నాన్న ఆరోగ్యం బాగాలేక షాపు చూసుకున్నానంటే ఎవరూ తప్పుపట్టరు, లేని ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్తే తర్వాతి ప్రశ్నకే దొరుకుతారు.

ఇంగ్లిష్ రాదు.

వస్తుంది. మీ ప్రాజెక్టు గురించి రోజూ పది నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. తప్పులు పర్వాలేదు, మధ్యలో ఆగిపోవడమే ఇబ్బంది. యాస మార్చుకోకండి.

ఇక్కడ ఉద్యోగం లేదు కదా, ఎంఎస్‌కి అమెరికా వెళ్ళిపోతే?

అప్పు లెక్క వేసుకున్నాక మాట్లాడదాం. చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సులకి ఇంకో రెండేళ్ళు, మొదటి ఓపీటీలో మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. 2025 సెప్టెంబరులో అమెరికా బయట ఉన్నవాళ్ళ కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడి ఫ్రెషర్ మార్కెట్ కూడా ఇక్కడిలాగే ఉంది. ఇక్కడ ఉద్యోగం రాలేదన్న ఒక్క కారణంతో పొలం తాకట్టు పెట్టి వెళ్ళకండి. ఆ సబ్జెక్ట్ నిజంగా చదవాలనుంటే వేరే సంగతి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వట్లేదు. కంపెనీ ఒరిజినల్స్ అడుగుతోంది.

ఇది మన రెండు రాష్ట్రాల రోగం. ప్రభుత్వం బాకీ పడితే పిల్లల మెడ పట్టుకోవడం అన్యాయం, పైగా ఒరిజినల్స్ కాలేజీలు పట్టుకోకూడదని యూజీసీ ఎప్పుడో చెప్పింది. కానీ రేపు జాయినింగ్ ఉన్నవాడికి న్యాయం కంటే కాగితం ముఖ్యం. ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, ఒరిజినల్స్ మా దగ్గరే ఉన్నాయని కాలేజీ లెటర్‌హెడ్ మీద కస్టోడియన్ లెటర్ తీసుకోండి, మెమోలు డిజిలాకర్‌లో ఉంటే అవి చూపించండి, హెచ్‌ఆర్‌కి విషయం చెప్పి గడువు అడగండి. చాలామంది హెచ్‌ఆర్‌లకి ఈ గొడవ తెలుసు, ఒప్పుకుంటారు. కాలేజీ ఆ లెటర్ కూడా ఇవ్వనంటే అర్జీ కాపీతో యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్ళండి, ఆంధ్రలో అయితే సోమవారం గ్రీవెన్స్‌కి. ఒక్కరే వద్దు, పదిమంది కలిసి వెళ్ళండి.

ఒకేసారి రెండు ఆఫర్లు వస్తే?

రానివ్వండి ముందు. వస్తే, జాయినింగ్ డేట్ రాసి ఉన్నదాంట్లో చేరండి.